పక్క సీట్లో పూల దుప్పటి

ఆ రోజు ఉదయం బాత్రూము సామాన్లమ్మే షావుకారు వేసుకున్న లెక్క చాలా చిన్నది. కొత్తగా క్లినిక్ తెరుస్తున్న పళ్ల డాక్టరుకు ఒక కమోడూ ఒక కుళాయీ అందించాలి. మధ్యాహ్నానికి ప్లంబరు వాటిని బిగించేస్తే సాయంత్రం డాక్టరు తలుపులు తీస్తాడు. కానీ షాపు వ్యాను మెకానిక్ షెడ్డులో ఇంజను విప్పుకుని పడి ఉంది. అద్దె బండి పిలిస్తే ఈ బేరంలో వచ్చే లాభం బండివాడి జేబులోకి పోతుంది. ఇంటి ముందు చూస్తే భార్య కారు ఊరికే నిలబడి ఉంది. ఊరికే నిలబడ్డ బండి రోజూ కొంచెం కొంచెం డబ్బు తింటుందని షావుకారు నమ్మకం.

ఆ కారు సంగతి కాస్త చెప్పాలి. షావుకారు భార్య డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. ఊళ్లో చాలామందికి స్టీరింగు పట్టడం నేర్పింది ఆవిడే కాబట్టి అందరూ మాస్టరమ్మ అంటారు. కారు నెత్తిన స్కూలు బోర్డు, పక్క సీటు కింద టీచరు కోసం ఇంకో బ్రేకు, వెనకద్దం మీద ‘నేర్చుకుంటున్నాం, ఓపిక పట్టండి’ అన్న పెద్దక్షరాలు. ఆ బండి తాళాల జోలికి రావద్దని ఆవిడ చాలాసార్లు చెప్పింది. షావుకారు దాన్ని ఇల్లాలి ఆంక్ష అనుకున్నాడే గానీ, చట్టం పుస్తకంలో కూడా అదే మాట ఉంటుందని ఊహించలేదు. పైగా ఆ రోజు మాస్టరమ్మ విద్యార్థులను లైసెన్సు పరీక్షకు తీసుకుని వాళ్ల బండ్లలోనే పరీక్షల మైదానానికి వెళ్లింది. తాళాలు మేకుకు వేలాడుతున్నాయి.

కమోడు అట్టపెట్టెతో సహా కారులో పట్టలేదు. పెట్టె విప్పి పారేశాడు. తెల్లటి పింగాణీ, గీత పడితే డాక్టరు వాపసు పంపిస్తాడు. పెరట్లో తీగ మీద అత్తగారి పూల దుప్పటి ఆరుతోంది. దాన్ని లాగి కమోడుకు చుట్టబెట్టి, బిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో ఎత్తుకుని వీధిగదిలోంచి వెళ్తుంటే అక్కడ కూర్చున్న అత్తగారు తలెత్తి చూసింది.

“అల్లుడుగారూ, ఎవరినో ఎత్తుకెళ్తున్నట్టున్నారు.”

“సరుకండీ అత్తయ్యగారూ.”

“సరుకుకి దుప్పటెందుకు, చలా?”

షావుకారు విననట్టే బయటపడ్డాడు. వెనకాల సీటు నిండా ఫ్లష్ ట్యాంకూ పైపులూ ఉన్నాయి కాబట్టి కమోడును ముందు సీట్లో కూర్చోబెట్టాడు. దుప్పటి ముడి అడ్డుపడి దాని మూత పైకి లేచే ఉండిపోయింది. లోగడ ఒకసారి బ్రేకు వేసినప్పుడు ఒక వాష్‌బేసిన్ ముందుకు దొర్లి రెండు ముక్కలైంది. ఆ నష్టం నేర్పిన పాఠం గుర్తుపెట్టుకుని కమోడుకు సీటు బెల్టు జాగ్రత్తగా బిగించాడు. తన బెల్టు మాత్రం ఎప్పటిలాగే వీపు వెనకనుంచి పోనిచ్చి గుచ్చాడు. అలా చేస్తే కారు టింగు టింగుమని గోల పెట్టదు, పొట్టకూ హాయి.

దారిలో పెద్ద సిగ్నల్ దగ్గర ఆగాడు. కుళాయి సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అంతకుముందు ఇచ్చిన కుళాయి తిప్పుతుంటే కరకరమంటోందని డాక్టరు వాపసు చేశాడు. ఇదీ అలాగే చేస్తే పరువు పోతుంది. కుళాయిని కంటితో చూసి కొనేవాళ్లు చాలామంది ఉంటారు, షావుకారు మాత్రం చెవితో కొంటాడు. చెవికి ఆనించి పిడిని మెల్లగా తిప్పితే లోపల ఇసుక రేణువంత తేడా ఉన్నా ఆయనకు తెలిసిపోతుంది. తిప్పేటప్పుడు పెదవులు కదుపుతూ దానితో మాట్లాడటం కూడా అలవాటే. “ఊఁ, ఇంకొంచెం, ఇంకొంచెం రా,” అని బుజ్జగిస్తుండగా లైటు పచ్చగా మారింది. ఒక చెయ్యి స్టీరింగు మీద, ఇంకో చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని ముందుకు కదిలాడు. స్తంభం మీద కెమెరా ఉన్న సంగతి కుళాయికీ తెలియదు, ఆయనకూ తెలియదు.

కమోడు క్షేమంగా చేరింది, కుళాయి చప్పుడు చేయలేదు, దుప్పటి మళ్లీ తీగ మీదికి వెళ్లింది. మాస్టరమ్మ వచ్చేసరికి తాళాలు మేకుకు ఉన్నాయి. ఆ రోజు లెక్క లాభంతో మూసేశాడు.

కొన్నాళ్లకు నోటీసు వచ్చింది. స్కూలు ఆఫీసు షాపు పై అంతస్తులో ఉండటం వల్ల దానికి వచ్చే టపా అంతా కింద షాపులోనే పడుతుంది. కవరు మీద మాస్టరమ్మ పేరు ఉంది, కారు ఆవిడ పేరనే ఉంది మరి. లోపల ఒక ఫోటో. మసక మసకగా అద్దం వెనక షావుకారు, చెవి దగ్గర చెయ్యి, తెరిచిన నోరు. కింద నేరం: బండి నడుపుతూ ఫోనులో మాట్లాడటం.

షావుకారుకు ముందు నవ్వొచ్చింది, తర్వాత చెమట పట్టింది. ఎందుకంటే స్కూలు పర్మిట్ గడువు ముగియబోతోంది. కొత్త పర్మిట్ ఇచ్చే ముందు ఇన్‌స్పెక్టరు తనిఖీకి వస్తాడు. నేర్పేవాళ్ల పేరు మీద ట్రాఫిక్ నేరం ఒక్కటి ఉన్నా పర్మిట్ రాదు. మాస్టరమ్మకు నెల రోజులుగా గోడల మీద ట్రాఫిక్ గుర్తుల పటాలు మార్చడం, బ్రేకులు తనిఖీ చేయించడమే పని, అన్నం తింటూ కూడా ఆ మాటే. పదేళ్లకు పైగా కట్టుకున్న పేరు, ఒక్క మచ్చ పడితే చాలు, స్కూలుకు తాళం పడుతుందని రోజూ అంటోంది. ఇప్పుడు ఆ మచ్చ షావుకారు చేతిలోనే ఉంది, అదీ కవరులో.

వ్యాపారి బిల్లు చదివే తీరు వేరు. పై నుంచి కిందికి చదవడు, కింద రాయితీ ఏమైనా ఉందేమోనని ముందు అక్కడ చూస్తాడు. నోటీసు కింద నిజంగానే ఉంది: త్వరగా కట్టేస్తే జరిమానాలో సగం మాఫీ. షావుకారుకు ప్రాణం లేచి వచ్చింది. సగం ధరకు తెగిపోయే గొడవను పూర్తి ధర దాకా సాగదీయడం తెలివితక్కువ పని. భార్యకు చెప్పాల్సిన పనీ లేదు, ఆవిడ మనశ్శాంతి అదనపు లాభం. ఆ రోజే ఆవిడ పేరు మీద కట్టేసి, రసీదు చించి పారేశాడు. నోటీసు మధ్యలో సన్నక్షరాల్లో, ‘చెల్లింపు జరిపినచో నేరము అంగీకరించినట్లు భావించబడును’ అన్న వాక్యం కూడా దానితోపాటే చెత్తబుట్టలో పడింది.

వారం తిరగకుండా రెండో కవరు వచ్చింది. నేరాన్ని అంగీకరించి సహకరించినందుకు ట్రాఫిక్ ఆఫీసువారు మాస్టరమ్మకు ధన్యవాదాలు తెలుపుతూ, ఆ నేరాన్ని ఆమె పేరున నమోదు చేసినట్టు తెలియజేశారు. షావుకారు ఆ ఉత్తరాన్ని తిప్పి తిప్పి చదివాడు. ఆయన అనుభవంలో డబ్బు కట్టాక బాకీ తీరుతుంది. డబ్బు కట్టినందుకే బాకీ పుట్టడం ఎక్కడా చూడలేదు.

మర్నాడు షాపు మూసి ట్రాఫిక్ ఆఫీసుకు వెళ్లాడు. కిటికీ వెనక లావుపాటి కళ్లజోడు పెట్టుకున్న ఆఫీసరు కూర్చుని ఉంది. షావుకారు తనకు తెలిసిన పద్ధతిలో మొదలుపెట్టాడు. పొరపాటున తీసుకున్న సరుకును వాపసు ఇవ్వడం ఏ వ్యాపారంలోనైనా ఉన్నదే కదా, తన డబ్బు ఉంచుకున్నా పర్వాలేదు, నేరం మాత్రం వెనక్కి తీసుకోవాలని కోరాడు. ఆఫీసరు ఇక్కడ సరుకేమీ లేదని ఓపిగ్గా చెప్పింది. కానీ ఒక దారి ఉంది, బండి నడిపింది యజమాని కాకపోతే నడిపింది ఎవరో చెప్పుకోవచ్చు అంది. షావుకారు గుండె తేలికపడి, నడిపింది తానేనని చెప్పాడు. ఇంత సులువుగా పోతుందనుకోలేదు. నిజంగానే అంత సులువుగా పోలేదు.

ఆఫీసరు తెర మీద ఏదో చూసి, ఇది శిక్షణ కారు కదా అంది. ఈ బండిని నేర్పేవాళ్లయినా నడపాలి, నేర్పేవాళ్లను పక్కన పెట్టుకుని నేర్చుకునేవాళ్లయినా నడపాలి, మరొకరు నడిపితే అది ఇంకో పెద్ద నేరం, మరి మీరెవరు అని అడిగింది. ఇలాంటి చోట రెండు ధరలు వినబడితే తక్కువది పట్టుకోవడం షావుకారుకు అబ్బిన విద్య. నేర్చుకుంటున్నానని చెప్పేశాడు. లైసెన్సు ఎప్పుడో తీసుకున్నవారు ఇప్పుడు నేర్చుకోవడమేమిటని ఆఫీసరు అడిగితే, చదువుకు వయసుతో పనేమిటని ఎదురు ప్రశ్న వేశాడు. ఆవిడ ఒప్పుకున్నట్టే తలూపింది.

“సరే, పక్కన టీచరు ఉన్నారా మరి?”

షావుకారు నోరు తెరిచాడు. ఏం చెప్పాలో తేలకముందే ఆఫీసరు కళ్లజోడు పైకి తోసి, ఫోటో మీదికి వంగింది.

“ఉన్నారుగా. దుప్పటి కప్పుకుని కూర్చున్నారు. ఈవిడేనా యజమాని?”

అమ్మేవాడే తూకం ఎక్కువ వేస్తుంటే కొనేవాడు వద్దంటాడా? షావుకారు గొంతులోంచి అవునూ కాదూ కాని ఒక చప్పుడు వచ్చింది. ఆఫీసరు దాన్ని అవునుగా రాసుకుంది.

“దుప్పటి ఎందుకు, ఒంట్లో బాలేదా?”

“కొంచెం జలుబండీ,” అన్నాడు షావుకారు. ఆ మాట ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. ఆఫీసరు అది కూడా రాసుకుని, కాగితం మీద టప్పున ముద్ర కొట్టింది. నేరం యజమాని పేరు మీదనుంచి తీసేస్తామంది. షావుకారు బయటికి వచ్చి టీ తాగాడు. ఫోను నేరం తన నెత్తికి వచ్చింది, వస్తే వచ్చింది. ఇంటి పరువు నిలబడింది. చిన్న నష్టంతో పెద్ద నష్టం తప్పించుకోవడమే వ్యాపారం అనుకున్నాడు.

మూడో కవరు షాపుకు రాలేదు. ముద్ర కొట్టినప్పుడు ఆఫీసరు ఇంటి చిరునామా అడిగి రాసుకుంది. అందుకే నేరుగా ఇంటికి వెళ్లింది.

షావుకారు రాత్రి భోజనానికి వచ్చేసరికి మాస్టరమ్మ బల్ల ముందు కూర్చుని ఉంది. ఎదురుగా కాగితాలు. పక్కన అత్తగారు. మాస్టరమ్మ ముఖంలో కోపం కనబడలేదు. దానికంటే ఇబ్బందికరమైనది కనబడింది. ఆవిడకు ఏమీ అర్థం కాలేదు. అర్థం కానప్పుడు మాస్టరమ్మ విద్యార్థులతో మాట్లాడినట్టే మెల్లగా, వరుసగా అడుగుతుంది.

ఆ కాగితం ప్రకారం ఆవిడ పక్కన కూర్చుని ఉండగా ఆవిడ విద్యార్థి ఫోనులో మాట్లాడుతూ బండి నడిపాడు. ఆపనందుకు ఆవిడ మీద ఒక కేసు. ఒంట్లో బాగోలేని స్థితిలో, దుప్పటి కప్పుకుని శిక్షణ ఇచ్చినందుకు ఇంకో కేసు. తనిఖీకి ముందురోజు న్యాయాధికారి ఎదుట హాజరు కావాలి. విద్యార్థి పేరు ఉండాల్సిన చోట తాళి కట్టినవాడి పేరు ఉంది.

“నాకు జలుబెప్పుడు చేసిందండీ?” అంది మాస్టరమ్మ.

షావుకారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆవిడ ఫోటో ముందుకు జరిపింది.

“ఇది మీరు. చూస్తే తెలుస్తోంది. ఇందులో నేనెక్కడున్నాను?”

షావుకారు వేలు చాపి పక్క సీటు చూపించాడు. వేలు వెనక్కి తీసుకోవాలనిపించింది గానీ అప్పటికే చూపించేశాడు. అత్తగారు ఫోటో అందుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది.

“ఈ దుప్పటి నాదే,” అంది. “ఆ రోజు సరుకన్నారుగా అల్లుడుగారూ.”

ఇక దాచడానికి ఏమీ మిగలలేదు. షావుకారు కమోడు దగ్గర మొదలుపెట్టి జలుబు దాకా మొత్తం చెప్పాడు. కుళాయి చెవికి ఆనించుకున్నది, సగం ధరకు తెంచుకోబోయింది, ఆఫీసరు తానే చూసి తానే అనుకున్నది, తాను కాదనలేకపోయింది. అంతా అయ్యాక మాస్టరమ్మ ఫోటో మళ్లీ తన ముందు పెట్టుకుని చాలాసేపు చూసింది.

“అంటే ఇది కమోడు.”

“ఆఁ.”

“ఆవిడ దీన్ని చూసి నేననుకుంది.”

“దూరం నుంచి తీసిన ఫోటో కదా,” అన్నాడు షావుకారు ధైర్యం చెబుతున్నట్టు.

“మీరు అవునన్నారు.”

ఆ రాత్రి షావుకారు ముందుగదిలో పడుకున్నాడు. ఎవరూ పొమ్మనలేదు. ఆయనే లెక్క వేసుకుని వెళ్లాడు.

మర్నాడు మాస్టరమ్మ మాట్లాడింది. రెండే దారులున్నాయంది. ఆ దుప్పటిలో ఉన్నది తానేనని ఒప్పుకుంటే రెండు కేసులూ నెత్తినపడి పర్మిట్ పోతుంది. కాదంటే ఆఫీసులో భర్త చెప్పింది అబద్ధమవుతుంది. తనకు అబద్ధం చెప్పడం చేతకాదు, తెలిసిన నిజం చెబుతానంది. షావుకారుకు ఇదేమీ తలకెక్కలేదు. ఆయన బుర్రలో ఒకటే తిరుగుతోంది: సరుకు మీద అనుమానం వస్తే మాటలతో లాభం లేదు, సరుకే చూపించాలి.

అందువల్ల విచారణ రోజున షావుకారు అదే రకం కొత్త కమోడును, అదే పూల దుప్పటిలో చుట్టి, అదే రకం కుళాయిని జేబులో వేసుకుని వచ్చాడు. గుమ్మం దగ్గర కాపలావాడు ఇదేమిటని అడిగాడు. సాక్ష్యం అన్నాడు షావుకారు. హాలు నిండా తలా ఒక చలానా పట్టుకున్న జనం. దాన్ని నేల మీద దించి చెమట తుడుచుకుంటుంటే, కుర్చీ దొరక్క నిలబడ్డ ఒక పెద్దాయన అది ఖాళీయేనా అని మర్యాదగా అడిగాడు. మాస్టరమ్మ తనకూ ఈ మనిషికీ పరిచయం లేనట్టు రెండు వరుసల అవతల కూర్చుంది. పక్కన అత్తగారు, తన దుప్పటి నేల మీద జీరాడుతోందని గొణుక్కుంటూ.

పేర్లు పిలిచారు. న్యాయాధికారి ఫైలు తిరగేసి, ఆ రోజు కారులో పక్క సీట్లో ఉన్నారా అని మాస్టరమ్మను అడిగారు. లేనని చెప్పింది. ఆ సమయానికి పరీక్షల మైదానంలో ఉన్నట్టు సంతకాలున్న కాగితం కూడా చూపింది. కళ్లజోడు ఆఫీసరు లేచి, ఉన్నట్టు ఫోటోలో స్పష్టంగా ఉందని, తాను స్వయంగా చూసి ముద్ర వేశానని, భర్తే ఒప్పుకున్నాడని అడ్డుపడింది. న్యాయాధికారి ఫోటో చూశారు, మాస్టరమ్మను చూశారు, మళ్లీ ఫోటో చూశారు.

“మరి ఇందులో ఉన్నదెవరమ్మా?”

“కమోడండీ,” అంది మాస్టరమ్మ. ఆ మాట అంత గంభీరంగా ఆ హాలులో ఎవరూ ఎప్పుడూ పలికి ఉండరు.

షావుకారు అప్పటికే దాన్ని కుర్చీ మీద కూర్చోబెట్టాడు. మూత పైకెత్తి దుప్పటి కప్పి, ముడి సర్దాడు. హాలు మొత్తం మెడ చాచింది. వెనక వరుసల నుంచి చూస్తే నిజంగానే ఎవరో పెద్దావిడ చలికి ముసుగేసుకుని, ఆఫీసరు చెప్పేది శ్రద్ధగా వింటున్నట్టు ఉంది. ఆఫీసరు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. దుప్పటి అంచు ఎత్తి చూసింది. అంచు మళ్లీ దించి, వెళ్లి కూర్చుంది.

తర్వాత కుళాయి. షావుకారు దాన్ని చెవికి ఆనించి, ఫోటోలో ఉన్నట్టే నోరు తెరిచి, పిడి తిప్పి చూపించాడు. న్యాయాధికారి నమ్మలేక అది తన చేతికి ఇమ్మన్నారు. అప్పుడే లోపలికి వచ్చిన ఒక లాయరు, న్యాయాధికారి విచారణ మధ్యలో ఫోనులో మాట్లాడుతున్నారనుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఏమీ వినబడటం లేదే,” అన్నారు న్యాయాధికారి.

“వినబడకూడదండీ. అది మంచి కుళాయి.”

న్యాయాధికారి కుళాయిని కాసేపు అటూ ఇటూ తిప్పారు. ఇంట్లో ఏదో కారుతున్న సంగతి గుర్తొచ్చినట్టు ఒక నిట్టూర్పు వదిలి దాన్ని బల్ల మీద పెట్టారు. ఫోను నేరం కొట్టేశారు. పక్కన టీచరే లేరు కాబట్టి టీచరు మీద పెట్టిన రెండు కేసులూ కొట్టేశారు. హాలులో ఎవరో చప్పట్లు కొట్టబోతే కాపలావాడు ఉరిమి చూశాడు.

షావుకారుకు ఒళ్లు పొంగింది. గెలిచిన చోట ఆగడం వ్యాపారి నేర్చుకోవాల్సిన మొదటి విద్య. ఆయన దాన్ని అందరికీ చెబుతాడు. ఆ రోజు తనకు చెప్పుకోవడం మరిచాడు. నేరమే లేదని తేలింది గనక, మొదట కట్టిన సగం జరిమానా తిరిగి ఇప్పిస్తే బాగుంటుందని విన్నవించుకున్నాడు. న్యాయాధికారి సరేనన్నట్టు మళ్లీ ఫైలు తెరిచారు. ఫోటో పైనే ఉంది. ఈసారి ఆయన దాన్ని వెలుగుకు ఎత్తి చూశారు.

“కమోడుకు బెల్టు ఉంది,” అన్నారు. “మీ బెల్టేది?”

అన్నాళ్లూ అందరూ చెవి దగ్గర చెయ్యినీ పక్కన దుప్పటినీ చూశారే గానీ, నడిపేవాడి ఛాతీ వంక ఒక్కరూ చూడలేదు. మాస్టరమ్మ మొదటిసారి తల తిప్పి భర్తను చూసింది. రోజూ ప్రతి విద్యార్థికీ ఆవిడ మొదట చెప్పే మాట ఆ బెల్టు గురించే.

ఇక వరసగా వచ్చాయి. బెల్టు లేకుండా నడపడం ఒకటి. టీచరు లేకుండా శిక్షణ కారు రోడ్డెక్కించడం రెండు. ఆఫీసులో అబద్ధం చెప్పడం మూడు. షావుకారు ఒక్క నేరంతో వచ్చి, దాన్ని వదిలించుకుని, ఇంకా పెద్దవి మూట కట్టుకుని వెళ్తున్నాడు. న్యాయాధికారి మాత్రం కలం పట్టుకుని ఒక మాట అడిగారు. ఈ రెండో నేరం దగ్గర యజమాని తెలిసి కారు ఇచ్చి ఉంటే తప్పు ఇద్దరిదీ, ఇద్దరికీ చెరిసగం పడుతుంది, మీ భాగం తేలికవుతుంది. తెలియకుండా తీసుకుని ఉంటే మొత్తం మీదే, లైసెన్సు కూడా కొన్నాళ్లు మా దగ్గర ఉంటుంది. ఏది?

షావుకారు జీవితంలో చెరిసగం అన్న మాట విని వద్దన్న రోజు లేదు. నాలుక చివరిదాకా వచ్చింది. కారు ఎలాగూ భార్యదే, ఆవిడ ఏమీ అనుకోదు, సగం నష్టం అంటే సగం లాభమే. రెండు వరుసల అవతల మాస్టరమ్మ చేతిలో రేపటి తనిఖీ ఫైలు ఉంది. ఆవిడ దాన్ని తెరవలేదు, మూయలేదు, రెండు చేతులతో ఊరికే పట్టుకుని ఉంది. తనకు అనుకూలంగా ఏమైనా చెప్పమని కళ్లతో కూడా అడగలేదు. ఈ బేరం పూర్తిగా ఆయనకే వదిలేసింది.

“అడక్కుండానే తీశానండీ,” అన్నాడు షావుకారు. “మేకుకున్న తాళాలు. ఆవిడ ఎన్నోసార్లు వద్దంది కూడా. మొత్తం నా లెక్కలోనే రాసేయండి.”

న్యాయాధికారి తలెత్తారు. “మొత్తమా?”

“మొత్తమేనండీ.”

ఏమీ తగ్గించమని అడగలేదు. షాపు పెట్టిన రోజు నుంచి ఎదుటివారు చెప్పిన ధరకు ఆయన ఒప్పుకున్నది అదే మొదటిసారి. న్యాయాధికారి రాసేశారు. జరిమానా కట్టాలి, లైసెన్సు అప్పగించాలి, గుర్తింపు ఉన్న ఏదైనా డ్రైవింగ్ స్కూలులో మళ్లీ మొదటినుంచి నేర్చుకుని సర్టిఫికెట్ తెస్తేనే దాన్ని వెనక్కి ఇస్తారు. సాక్ష్యాన్ని మాత్రం తీసుకుపోవచ్చన్నారు. ఇంటికి వెళ్లేటప్పుడు మాస్టరమ్మ కారు నడిపింది. అత్తగారు ముందు కూర్చుంది. షావుకారు వెనక సీట్లో కమోడు పక్కన కూర్చుని, బెల్టు ముందు తాను పెట్టుకుని, తర్వాత దానికి పెట్టాడు. అద్దంలోంచి మాస్టరమ్మ చూసింది. ఆ రాత్రి ముందుగదిలోని ఆయన పరుపును లోపలికి తెచ్చి వేసింది.

తనిఖీ సాఫీగా జరిగింది. ఇన్‌స్పెక్టరు పటాలు చూశాడు, పక్క సీటు కింద బ్రేకు తొక్కి చూశాడు, రికార్డులో మచ్చ లేదని చూసుకుని పర్మిట్ మీద సంతకం చేశాడు. ఆయన వెళ్లిపోయాక షావుకారు గుర్తింపు ఉన్న స్కూళ్ల కోసం ఊరంతా వాకబు చేశాడు. ఒకదానికి పర్మిట్ పోయింది, ఇంకోటి బస్సులకే నేర్పుతుంది. మిగిలింది షాపు పై అంతస్తులోదే. మెట్లెక్కి వెళ్లి ఫీజు ఎంతని అడిగాడు. మాస్టరమ్మ బోర్డు వంక చూపించింది. ఆయన నోరు తెరిచి, మళ్లీ మూసి, మొత్తం కట్టేశాడు.

మొదటి క్లాసులో చివరి బెంచీ మీద, కాలేజీ పిల్లల మధ్య కూర్చున్నాడు. కారెక్కగానే మొదట చేయాల్సిందేమిటని మాస్టరమ్మ అడిగింది. బెల్టు పెట్టడమని అందరూ ఒక్క గొంతుతో చెప్పారు. బాగుందంది. తర్వాత చివరి బెంచీ వంక తిరిగి, ఆయన్ని ఒక్కణ్నే లేపి, ఇంకో ప్రశ్న వేసింది.

“ఎవరికి?”

ఇంత తేలిక ప్రశ్నకు ఈ పెద్దాయన అంతసేపు ఎందుకు ఆలోచిస్తున్నాడో మిగతా విద్యార్థులకు అర్థం కాలేదు.